పెంకుటింటి కప్పు, హార్డ్ డిస్కు

ఇంట్లో ఫొటోలు, వీడియోల కోసం సొంత సర్వర్ పెట్టుకుందామనుకునే వాళ్లందరూ ముందు అడిగేది ‘ఏ కంపెనీ డిస్కు మంచిది?’ అనే. నన్నడిగితే, ఆ డిస్కు ఎలా రాస్తుందో ముందు తెలుసుకోవాలి.

పెంకుటిల్లు నేయించిన వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక వరస పెంకులు ఇంకో వరస అంచును కప్పుతాయి. మధ్యలో ఒకటి పగిలితే దాని మీదివి కదపకుండా మార్చలేం. ఎస్ఎంఆర్ (షింగిల్డ్ మాగ్నెటిక్ రికార్డింగ్, అంటే పెంకుల్లా పేర్చి రాసే పద్ధతి) డిస్కులూ అంతే. చోటు ఆదా కోసం ట్రాకులను, అంటే డేటా రాసే గుండ్రటి వరసలను, ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కించి రాస్తాయి. చదవడానికి ఇబ్బంది లేదు. పాత ట్రాకును తిరగరాయాలంటే మాత్రం పక్కవి చెరిగిపోతాయి కాబట్టి వాటినీ వరసగా మళ్లీ రాయాలి. మామూలు వాడకంలో ఆ పని ఖాళీ దొరికినప్పుడు చేసుకుంటుంది, మనకు తెలియదు. రెయిడ్‌లో, అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా కొన్నింటిని కలిపి నడిపే ఏర్పాటులో, ఒక డిస్కు పోయి, కొత్తదానిలోకి గంటల తరబడి ఆపకుండా రాస్తున్నప్పుడు ఆ ఖాళీ ఎక్కడిది? వేగం పడిపోతుంది. ఒక్కోసారి సర్వర్ ఆ కొత్త డిస్కు కూడా చెడిపోయిందనుకుని పక్కన పెట్టేస్తుంది. సర్వర్ల కోసమే అమ్మే వెస్టర్న్ డిజిటల్ ‘రెడ్’ డిస్కుల్లో కొన్ని ఈ రకమేనని 2020లో బయటపడింది. ఆ తర్వాతే కంపెనీ, ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కని సీఎంఆర్ రకాన్ని ‘రెడ్ ప్లస్’ అని వేరు చేసింది. అట్ట మీద బొమ్మ కాదు, మోడల్ నంబర్ చూసి కొనాలి.

ఇక డిస్కు మన్నిక గురించి కంపెనీలు చెప్పే ‘10 లక్షల గంటలు’ అన్న అంకె. లెక్కేస్తే 114 ఏళ్లు! ఒక డిస్కు అన్నాళ్లు బతుకుతుందని కాదు, వెయ్యి డిస్కులు నడిపితే ఏడాదికి దాదాపు 9 పోతాయని. లక్షల డిస్కులు నడిపే ఆన్‌లైన్ బ్యాకప్ కంపెనీ బ్యాక్‌బ్లేజ్, ఏ మోడల్‌వి ఎన్ని పోయాయో 2013 నుంచి లెక్కలు బయటపెడుతోంది. అందులో సీగేట్ 3 టీబీ మోడల్ ఒకటి దారుణంగా రాలిపోయింది, అదే కంపెనీ 4 టీబీ మోడల్ చాలా మెరుగ్గా నిలబడింది. కంపెనీ పేరు పట్టుకుని వాదించుకోవడం అందుకే దండగ.

డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో ఐదో అంశం, అంటే పాడైన సెక్టార్ల (డేటా రాసే చిన్న చిన్న గడుల) లెక్క, సున్నా దాటి పెరుగుతుంటే డిస్కు మార్చేయండి. సున్నా ఉన్నా ధీమా పనికిరాదు. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో గూగుల్ ఇచ్చిన నివేదిక ప్రకారం, పోయినవాటిలో మూడో వంతుకు పైగా ఏ సూచనా ఇవ్వకుండానే పోయాయి.

నా డిస్కులు రెండూ వేర్వేరు నెలల్లో, వేర్వేరు షాపుల్లో కొన్నవి. ఒకే బ్యాచ్‌వైతే ఒకేసారి పోతాయేమోనన్న టెన్షన్. మూడోది మా అత్తగారింటి బీరువాలో, చీరల కింద ఉంటుంది. సంక్రాంతికీ దసరాకీ వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్‌కి తగిలించి కొత్త ఫొటోలు ఎక్కిస్తాను.