సూర్యుడి మచ్చలకూ కోనసీమ గట్లకూ లంకె

భూముల రీసర్వేతో కోనసీమ సర్వేయర్ల చేతికి రోవర్, అంటే ఉపగ్రహాల సిగ్నల్‌తో హద్దులు కొలిచే పరికరం, వచ్చింది. తెర మీద ‘ఫిక్స్’ పడితే గట్టు మూల సెంటీమీటర్లలో తేలుతుంది. ‘ఫ్లోట్’ దగ్గరే ఆగితే ఆ లెక్కతో హద్దురాయి పాతకూడదు. కొబ్బరితోటలో అలా ఆగితే మట్టల అడ్డు అనుకోవచ్చు. బయలు చేలోనూ ఆగుతుంటే సూర్యుడి సంగతి కూడా చూడాలి. ఉపగ్రహాల సిగ్నల్ అయనోస్ఫియర్, అంటే విద్యుదావేశం నిండిన పై వాతావరణ పొర, దాటే కిందికి రావాలి. ఆ పొరను తయారుచేసేదీ, కల్లోలపరిచేదీ సూర్యుడే.

ఈ లంకె పాతదే. సూర్యుడి మీది నల్ల మచ్చలు దాదాపు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతున్నాయని 1844లో జర్మనీలో ఖగోళ పరిశీలకుడు ష్వాబే ప్రకటించారు. ఇప్పటి లెక్క సగటున 11 ఏళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే, మచ్చలు పెరిగిన ఏళ్లలో అయస్కాంత సూదుల అలజడి కూడా పెరుగుతోందని బ్రిటిష్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సబీన్ చూపించారు. 1859 సెప్టెంబరు 1న బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త కారింగ్టన్ సూర్యుడి మీద మెరుపు చూశారు; మర్నాడు బొంబాయి కొలాబా అబ్జర్వేటరీలో భూఅయస్కాంత క్షేత్రం కొలత ఒక్కసారిగా పడిపోయింది.

కానీ మచ్చలు లెక్కపెట్టి రేపటి సౌర తుఫాను, అంటే సూర్యుడి వల్ల భూఅయస్కాంత క్షేత్రంలో రేగే అలజడి, చెప్పలేం. 2003 అక్టోబరు చివరి పెను తుఫాన్లు మచ్చలు తగ్గుముఖం పట్టాక వచ్చినవే. సూర్యుడి నుంచి దూసుకొచ్చే ప్లాస్మా మేఘంలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే భూమి క్షేత్రంతో ముడిపడుతుంది, శక్తి లోపలికి చొరబడుతుంది. 1961లో బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త డంగీ చెప్పిన సంగతి ఇది. ఉత్తరానికి ఉంటే చాలావరకు పక్కనుంచి పోతుంది. ఆ దిశ కచ్చితంగా తెలిసేది, మేఘం భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఎల్1 అనే బిందువు దగ్గరున్న అంతరిక్ష నౌకలను తాకినప్పుడే. 2024 జనవరి నుంచి మన ఆదిత్య-ఎల్1 నౌక కూడా అక్కడే ఉంది. పెద్ద తుఫానైతే ఆ తర్వాత మిగిలే గడువు గంటలోపే. ఫలానా రోజున ఫోన్లు మూగబోతాయంటూ వచ్చే వాట్సాప్ మెసేజ్‌లను నమ్మలేనిది అందుకే.

2024 మే 10న, భూఅయస్కాంత అలజడిని 0 నుంచి 9 దాకా కొలిచే కేపీ సూచీ గరిష్ఠమైన 9కి చేరింది. అమెరికాలో జీపీఎస్ ట్రాక్టర్లు సరిగ్గా విత్తే అదనులో ఆగిపోయాయి. 1989లో కెనడాలోని క్యూబెక్‌లో లాగా కరెంటు గ్రిడ్ కుప్పకూలే భయం భూమధ్యరేఖ వైపున్న మనకు తక్కువ. మన ఇబ్బంది వేరు. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, తుఫాను లేకపోయినా, మధ్యాహ్నం వేళ అయనోస్ఫియర్ దట్టమై రోవర్‌ను సతాయిస్తుంది. ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు దరిదాపుల్లో, పొద్దుగూకాక అందులో బుడగలు లేచి సిగ్నల్ మినుకుమినుకుమంటుంది. దీనికి కేపీ ఒక్కటే చూస్తే చాలదు. సూర్యుడి చురుకుదనాన్ని చెప్పే, 1947 నుంచి కెనడా కొలుస్తున్న 10.7 సెంటీమీటర్ల రేడియో తరంగాల సూచీ కూడా చూడాలి. సిగ్నల్ మినుకుమనే ఆ వేళే కాకినాడ, అంతర్వేది పడవలు రాత్రి వేటలో ఉంటాయి. వాయుగుండం కబురు అందినట్టే ఈ కబురు కూడా హార్బరుకూ, సర్వే బృందాలకూ తెలుగులో అందాలని నా కోరిక.