పాత బొమ్మ ట్రక్కుకు కొత్త రంగా? వద్దు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో పాత ఇనప బొమ్మ ట్రక్కులు, క్రేన్లు, బుల్‌డోజర్లు బాగుచేయడం నా పని. ఎస్టేట్ సేల్‌లో (ఇంట్లోని పాత సామాను అమ్మకంలో) కొని తెచ్చే మనవాళ్ల మొదటి కోరిక ఎప్పుడూ ఒకటే: "రంగు వేసి కొత్తదానిలా చేసిపెట్టండి."

అపోహ: కొత్త రంగు వేస్తే ధర పెరుగుతుంది.

పెరగదు, పడిపోతుంది. కలెక్టర్ డబ్బు పెట్టేది ఫ్యాక్టరీ రంగుకి, తలుపు మీది డెకాల్‌కి (అతికించిన బొమ్మ స్టిక్కర్‌కి). ఉదాహరణకి, టోంకా అనే అమెరికా బొమ్మల కంపెనీ లోగో ఏళ్ల తరబడి మారుతూ వచ్చింది, బండి ఏ కాలానిదో చాలాసార్లు దాన్ని చూసే చెబుతాం. శాండ్‌బ్లాస్టింగ్ (ఇసుకను జోరుగా కొట్టి రంగు ఊడగొట్టడం) చేస్తే ఆ ఆధారం నిమిషాల్లో పోతుంది. పైగా ఈ బళ్లను చాలావరకు రేకు చెవులు మడిచి బిగించారు. రంగు కోసం వాటిని విప్పి మళ్లీ మడిస్తే విరుగుతాయి. అప్పుడు మట్టి పోసే తొట్టి లేచినా బండి వదులుగా ఊగుతూనే ఉంటుంది.

ఒక తమ్ముడు టోంకా స్టీమ్ షవెల్ (మట్టి తవ్వే యంత్రం బొమ్మ) తెచ్చాడు. 1947లో మిన్నెసోటాలోని మౌండ్ ఊళ్లో ఆ కంపెనీ బొమ్మల పని మొదలుపెట్టింది ఇలాంటి షవెల్‌తో, ఒక క్రేన్‌తోనే. హ్యాండిల్ తిప్పితే బూమ్ (పొడవాటి చెయ్యి) చక్కగా లేస్తోంది. "అన్నా, తళతళలాడాలి" అన్నాడు. వద్దని బతిమాలాను. వినకుండా వేరేచోట పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి కాల్చి అంటించడం) చేయించాడు. అమ్మబోతే, ముందు ఆశపడ్డ మనిషి ఫొటో చూసి వెనక్కి తగ్గాడు. "పాత రంగు మళ్లీ తేలేమా అన్నా?" అని అడిగాడు తమ్ముడు. తేలేం. ఆ మాట చెప్పడం నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మరేం చేయాలి? మెత్తటి బ్రష్, గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు. డెకాల్ తడవకూడదు, బండిని నీళ్లలో నానబెట్టకూడదు. వెంటనే తుడిచి ఆరబెట్టి, ఇరుసుకి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేయండి. రంగంతా పోయి తుప్పే మిగిలిన బండైతే నేనూ రంగు వేస్తాను. కానీ అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పి తీరాలి.

అపోహ: పాత రంగులో సీసం ఉంటుంది, గీకేస్తే పిల్లలకు క్షేమం.

తల్లులు దీని గురించి టెన్షన్ పడటంలో తప్పేమీ లేదు. బొమ్మల రంగుల్లో సీసంపై అమెరికాలో 1978 నుంచి గట్టి ఆంక్షలున్నాయి. అంతకుముందు వాటిలో సీసం ఉండొచ్చు. అయితే గీకడమే అన్నిటికంటే ప్రమాదం. శాండ్‌పేపర్ పెడితే సీసం ధూళి గరాజ్ అంతా పరుచుకుంటుంది, పాకే పిల్లల చేతులకంటి నోట్లోకి వెళుతుంది. బండిని అందనంత ఎత్తులో పెట్టండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. రంగు పెచ్చులుగా రాలనంతవరకు, షెల్ఫ్‌లో ఉన్నంతమాత్రాన భయపడక్కర్లేదు. పిల్లాడు ఇప్పటికే పెచ్చులు నోట్లో పెట్టుకున్నాడని భయంగా ఉంటే వాట్సాప్‌లో వెతక్కండి. పిల్లల డాక్టరును అడిగి రక్త పరీక్ష చేయించండి, విషయం తేలిపోతుంది.

అపోహ: పసుపు రంగు ఇనప ట్రక్కంటే టోంకానే.

కాదు. టోంకా పుట్టకముందే, 1921 నుంచే ఇల్లినాయిలో బడ్డీ ఎల్ బళ్లు తయారయ్యాయి. టోంకా అంటే పసుపే అనే పేరు వచ్చింది 1960ల మధ్యలో మైటీ డంప్ ట్రక్కు వచ్చాకే.

అపోహ: వించ్ (క్రేన్‌లో తాడు చుట్టి బరువు లేపే చక్రం) తాడు మారిస్తే విలువ పోతుంది.

కుళ్లిన తాడు మార్చడం మామూలే. అలాంటి మందంలోనే నూలు తాడు వేసి, పాత ముక్కను కవర్లో దాచండి. బిగుసుకున్న హ్యాండిల్‌ను మాత్రం బలవంతంగా తిప్పకండి.

అపోహ: డింకీ (పోత పోసిన బ్రిటిష్ చిన్న బొమ్మ కార్లు) బొమ్మల పగుళ్లు పక్క బొమ్మలకు అంటుకుంటాయి.

అంటుకోవు. జింక్ మిశ్రమంలో పోత పోసేటప్పుడే కలిసిన సీసం లాంటి మలినాల వల్ల లోహం లోపల్నుంచి పగులుతుంది. దానికి మందు లేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి డింకీ కొనేటప్పుడు టార్చి వేసి అడుగు భాగం, చక్రాలు చూడండి; సన్నని పగుళ్లు కనిపిస్తే ఎంత చౌకగా ఇచ్చినా వదిలేయండి.