డబ్బు పడిందా సార్? పీఎం కిసాన్, రైతు భరోసాపై అపోహలు - వాస్తవాలు

కేంద్రం రైతులకు ఏటా మూడు విడతల్లో ఆరు వేలు ఇచ్చే పథకం పీఎం కిసాన్, మన రాష్ట్రం సీజనుకు ఎకరాల లెక్కన ఇచ్చే పెట్టుబడి సాయం రైతు భరోసా. వీటి విడత విడుదలైన మర్నాడు మా రైతు వేదిక (రైతుల సమావేశ భవనం) గుమ్మం ముందు చెప్పులకు చోటుండదు. ఏఈఓగా, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిగా, నేను చేయాల్సిన పంటల నమోదు ఆ రోజుకు పక్కన పెట్టాల్సిందే. ఏళ్ల తరబడి వింటున్న మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. మాది తెలంగాణ కాబట్టి రాష్ట్ర పథకం గురించి చెప్పేది ఇక్కడి సంగతే.

అపోహ: జిరాక్సు ఇచ్చిన ఖాతాలోనే పీఎం కిసాన్ డబ్బు పడుతుంది.

వాస్తవం: రైతు భరోసా మీరు మాకిచ్చిన ఖాతా నంబరుకు వస్తుంది. పీఎం కిసాన్ దారి వేరు, అది ఆధార్‌ను పట్టుకుని పోతుంది. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ దగ్గర మీ ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు నమోదైందో డబ్బు అక్కడికే చేరుతుంది. ఒక పెద్దాయన మూడు విడతలు రాలేదని పాసుపుస్తకం పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూపించాడు. నిజమే, ఒక్క పద్దూ లేదు. చేతిసంచిలో మరో పుస్తకం కనిపించింది, కవరు కూడా తీయలేదు. ఉపాధి కూలి కోసం తర్వాత తెరిపించిన ఖాతా అట. ప్రింటు వేయించుకుని రమ్మని పంపాను. ఆరు వేలూ అందులో ఉన్నాయి.

రైతు భరోసాకు వచ్చే చిక్కు ఇంకోలా ఉంటుంది. బ్యాంకులు విలీనమైతే బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడు మారుతుంది. మా దగ్గర పాత కోడే ఉంటే జమ కాకుండా తిరిగి పోతుంది.

అపోహ: ఐదెకరాలు దాటితే పీఎం కిసాన్ రాదు.

వాస్తవం: 2019 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు రెండు హెక్టార్ల (దాదాపు ఐదెకరాల) పరిమితి ఉండేది. కొన్ని నెలలకే ఎత్తేశారు. ఆదాయపు పన్ను కట్టినవారికి మాత్రం రాదు, ఎకరమే ఉన్నా సరే.

అపోహ: భార్య పేరున రెండెకరాలు రాయిస్తే ఇద్దరికీ ఆరు వేలు వస్తాయి.

వాస్తవం: పీఎం కిసాన్‌లో భార్య, భర్త, మైనర్ పిల్లలు కలిసి ఒక కుటుంబం, ఒకటే లబ్ధి. పైగా 2019 ఫిబ్రవరి 1 తర్వాత పట్టా అయిన భూమికి అర్హత లేదు. తండ్రి చనిపోయి వారసత్వంగా వచ్చిందైతే ఉంది. అలాగని ఆయన పోయాక కూడా ఆయన పేరున పడే విడతలను తీసుకుంటూ ఉండకండి, తిరిగి కట్టమంటారు.

అపోహ: వేలిముద్ర పడకపోతే ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ) కాదు, ఇక డబ్బు ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: నాట్లు వేసీ కలుపు తీసీ అరిగిన వేళ్లు యంత్రానికి అందవు. ఆధార్‌కు ఫోను నంబరు ఉంటే ఓటీపీతో అవుతుంది. అదీ లేకపోతే 2023 నుంచి పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి పూర్తి చేయవచ్చు. రెండు నిమిషాల పని, వెలుతురులో కూర్చోబెడితే చాలు.

అపోహ: సాగు చేసేవాడికే సాయం.

వాస్తవం: పీఎం కిసాన్ భూమి ఎవరి పేరున ఉంటే వారికే, కౌలుదారుకు వర్తించదు. రైతు భరోసా కూడా పట్టాదారు ఖాతాకే పోతుంది, సీజనుకు ఎకరాకు ఆరు వేలు. ఇది నాకు మింగుడుపడని వాస్తవం. యూరియా కోసం తెల్లవారుజామున వరుసలో నిలబడేది కౌలు రైతు. "పడిందా సార్?" అని హైదరాబాద్ నుంచి ఫోను చేసేది పట్టాదారు.