లెబనాన్ భద్రత: అరబ్ దేశాల ఉమ్మడి పూచీ సిరియా చేతికి ఎలా చిక్కింది?

దక్షిణ లెబనాన్‌లో 1978 నుంచి కాపలా కాస్తున్న ఐక్యరాజ్యసమితి శాంతి దళం యూనిఫిల్ విధులు 2026 డిసెంబరు 31తో ముగుస్తాయి. మరో ఏడాదిలోగా దళం పూర్తిగా వెళ్లిపోవాలని భద్రతా మండలి 2025 ఆగస్టులో తీర్మానించింది. 1998 నుంచి మన భారత బెటాలియన్ కూడా పనిచేస్తున్న దళమిది. అది వెళ్లాక అక్కడి భద్రతకు ఎవరు పూచీ పడాలన్నది పాత ప్రశ్నే. అరబ్ దేశాలు దానికి 1976లోనే ఒక జవాబు చెప్పాయి. ఆ జవాబు ఎక్కడ చెడిందో తెలుసుకోవాలి.

సమస్యకు బీజం 1969 నవంబరు నాటి కైరో ఒప్పందంలో ఉంది. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ మధ్యవర్తిత్వంతో లెబనాన్ సైన్యాధిపతి, పాలస్తీనా విమోచన సంస్థ నేత యాసర్ అరాఫత్ దానిపై సంతకాలు చేశారు. లెబనాన్ గడ్డ నుంచి ఇజ్రాయెల్‌పై పోరాడే హక్కు పాలస్తీనా సాయుధులకు దక్కింది. ఆయుధం పట్టే అధికారాన్ని ప్రభుత్వమే పంచి ఇచ్చినట్టయింది. 1975 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలైంది. మరుసటి ఏడాది లెబనాన్ సైన్యం కూడా చీలిపోయింది.

1976 జూన్ తొలి రోజుల్లో సిరియా సేనలు సరిహద్దు దాటాయి. అక్టోబరులో రియాద్, కైరోలలో జరిగిన శిఖరాగ్ర సమావేశాలు అప్పటికే లోపల ఉన్న ఆ సేనలకు అరబ్ ముద్ర వేశాయి. 30,000 మందితో అరబ్ నిరోధక దళం ఏర్పడింది. వారిలో దాదాపు 25,000 మంది సిరియన్లే. మిగతావారు సౌదీ, సూడాన్, యూఏఈ, దక్షిణ యెమెన్, లిబియాల నుంచి వచ్చారు. ఖర్చులో సౌదీ, కువైట్‌లకు చెరో 20 శాతం, యూఏఈకి 15, ఖతార్‌కు 10 శాతం వాటా పడింది. గడువు ఆరు నెలలు, ఆపై పొడిగింపులు. కాగితం మీద దళం లెబనాన్ అధ్యక్షుడు ఇలియాస్ సర్కిస్ ఆదేశాలకు లోబడాలి.

లోపమంతా ఈ అమరికలోనే ఉంది. డబ్బు గల్ఫ్‌ది, పేరు లెబనాన్ అధ్యక్షుడిది, తుపాకీ మాత్రం సిరియా రాజధాని డమాస్కస్‌ది. సిరియా సైనికుడు తన పై అధికారి మాట వింటాడు తప్ప సర్కిస్ మాట వినడు. 1978లో ఇదే దళంలోని సిరియా ఫిరంగులు తూర్పు బీరూట్‌లోని అష్రఫీయేపై గుళ్లు కురిపించాయి. ఆపలేని సర్కిస్ ఆ జూలైలో రాజీనామా ప్రకటించి, తర్వాత వెనక్కి తగ్గారు. 1979 మధ్యకల్లా మిగతా దేశాల సైనికులు ఇళ్లకు వెళ్లిపోయారు. 1982 జూలైలో ముగిసిన గడువును మళ్లీ పొడిగించలేదు. అయినా సిరియా సేనలు 2005 ఏప్రిల్ దాకా కదల్లేదు.

మరో పొరపాటు దీనికన్నా ప్రమాదకరమైనది. దక్షిణ లెబనాన్‌లో పారే లిటానీ నది దక్షిణానికి సిరియా సేనలు రాకూడదని ఇజ్రాయెల్ గీసిన ఎర్రగీత కారణంగా, నిరోధక దళం అక్కడ అడుగే పెట్టలేదు. అసలు అగ్గి రాజుకునే చోటును వదిలేసి కాపలా కాశారన్నమాట. 1978 మార్చిలో ఇజ్రాయెల్ అక్కడికే చొరబడింది. యూనిఫిల్ పుట్టింది ఆ దాడి వల్లే.

అంతర్యుద్ధాన్ని ముగించేందుకు కుదిరిన 1989 తాయిఫ్ ఒప్పందం వెనుక సౌదీ, మొరాకో, అల్జీరియాల త్రిసభ్య కమిటీ ఉంది. సాయుధ ముఠాలన్నీ ఆరు నెలల్లో ఆయుధాలు అప్పగించాలన్నారు. ఇజ్రాయెల్ ఆక్రమణను ఎదిరిస్తోందన్న కారణంతో లెబనాన్ షియా సాయుధ సంస్థ హెజ్‌బొల్లాను మాత్రం మినహాయించారు. 2000లో ఇజ్రాయెల్ వైదొలిగినా ఆ ఆయుధాలు అలాగే ఉండిపోయాయి. 2006లో ఇజ్రాయెల్‌తో ఆ సంస్థ 34 రోజుల యుద్ధం, దాన్ని ఆపేందుకు భద్రతా మండలి చేసిన 1701వ తీర్మానం, మరో యుద్ధం తర్వాత 2024 నవంబరు కాల్పుల విరమణ వరుసగా వచ్చాయి. ఆయుధాలు రాజ్యం చేతిలోనే ఉండేలా ప్రణాళిక వేయమని 2025 ఆగస్టులో లెబనాన్ మంత్రివర్గం సైన్యాన్ని ఆదేశించింది.

ఆ భారం మోయాల్సిన సైన్యం ఏ స్థితిలో ఉందో చూడాలి. 2019 తర్వాత కరెన్సీ కుప్పకూలడంతో జీతాలు కరిగిపోయాయి. 2020లో సైనికుల భోజనంలో మాంసం తీసేశారు. ఫ్రెంచి ఆయుధాల కోసం సౌదీ 2013లో ప్రకటించిన 300 కోట్ల డాలర్ల సాయాన్ని 2016లో రద్దు చేసింది. ఖతార్ 2021లో ఏడాదిపాటు నెలకు 70 టన్నుల ఆహారం ఇస్తానంది, మరుసటి ఏడాది జీతాలకు 6 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఇలా విడతల వారీ దానాలతో సైన్యం నిలబడదు. జీతాలకు ఏళ్ల తరబడి ఆగకుండా వచ్చే నిధి కావాలి. దాని కళ్లెం ఏ ఒక్క పొరుగు దేశం చేతిలోనూ ఉండకూడదు. సైన్యం మోహరింపు లిటానీకి దక్షిణంగా సరిహద్దు దాకా సాగాలి. 1976లో వీటిలో ఏదీ జరగలేదు.