138 దాటొద్దన్న కోడే 414 ని ఎలా ఒప్పుకుంటుంది? నాజిల్ లోడ్ల వెనక అసలు లెక్క

ప్రెషర్ వెసెల్, అంటే లోపల ప్రెషర్ పట్టుకునే స్టీల్ తొట్టి, డిజైన్ కొత్తగా నేర్చుకునేవాళ్ళని ఒక అంకె బాగా తికమక పెడుతుంది. ఎస్ఏ 516 గ్రేడ్ 70 అని ఒక స్టీల్ ప్లేట్ ఉంటుంది, వెసెల్స్‌కి చాలా ఎక్కువగా వాడేది అదే. దీనికి గది ఉష్ణోగ్రత దగ్గర ఏఎస్ఎమ్ఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) కోడ్ సెక్షన్ 8 డివిజన్ 1 ఇచ్చే అలవబుల్ స్ట్రెస్, అంటే దాటకూడదన్న స్ట్రెస్, 138 మెగాపాస్కల్స్. ఆ స్టీల్ మళ్ళీ వెనక్కి రాకుండా సాగిపోవడం మొదలయ్యే యీల్డ్ పాయింటేమో 260. అంటే సుమారు సగం దగ్గరే మనల్ని ఆపేస్తున్నారు, బాగానే ఉంది. కానీ అదే వెసెల్‌కి వెల్డ్ చేసిన నాజిల్, అంటే పైపు తగిలించే పొట్టి గొట్టం, దగ్గరికొచ్చి, దానికి తగిలించిన పైపు తోసే లోడ్లు కూడా కలిపి చూసేటప్పుడు డివిజన్ 2 పద్ధతి వాడతారు, అందులో ఒక లిమిట్ అలవబుల్‌కి 3 రెట్లు, అంటే 414. యీల్డే 260 అయినప్పుడు 414 ఏంటండీ, గోడ చిరిగిపోదా?

చిరిగిపోదు. ఎందుకు పోదో అర్థమైతే ఈ సబ్జెక్ట్‌లో సగం వచ్చేసినట్టే.

ఒక తీగకి కింద బరువు వేలాడదీశారనుకోండి. తీగ సాగినా బరువు బరువే, అంగుళం కిందకి దిగిందని కిలో కూడా తగ్గదు, తీగ ఓడిపోతే ఇక తెగేదాకా సాగుతూనే ఉంటుంది. ఇప్పుడు అదే తీగని రెండు గట్టి గోడల మధ్య బిగించి చల్లబరచండి, అది ముడుచుకోవాలని చూస్తుంది, గోడలు కదలవు, కాబట్టి లోపల స్ట్రెస్ పుడుతుంది, కానీ ఇక్కడ తీగ వెంట్రుకవాసి సాగిందంటే చాలు గొడవ అక్కడితో సరి, ఎందుకంటే గోడలు అడిగింది అంత సాగుదలే, బలం కాదు. మొదటిదాన్ని ప్రైమరీ స్ట్రెస్ అంటారు, రెండోదాన్ని సెకండరీ. కాగితం మీద రెండూ మెగాపాస్కల్సే, రెండూ 300 అని రాసి ఉండొచ్చు, కానీ ఒకటి ప్రమాదం, ఇంకోటి మామూలు విషయం.

414 లెక్క చూద్దాం, ప్రైమరీతో పాటు సెకండరీని కూడా కలిపి చూసే లిమిట్ అది. వేడెక్కినప్పుడు నాజిల్ వెసెల్‌కి అతికిన చోట స్ట్రెస్, మెటల్ స్ప్రింగ్ లాగే పనిచేస్తుందనుకుని లెక్కేస్తే, 414 వచ్చిందనుకోండి. నిజంగా అంత రాదు, 260 దగ్గర మెటల్ యీల్డ్ అయిపోయి మిగతాది కొంచెం సాగడంలో పోతుంది. తర్వాత ప్లాంట్ ఆపి చల్లారిస్తే అదే 414 వెనక్కి దిగాలి, 260 లోంచి 414 తీస్తే మైనస్ 154, అంటే చల్లగా ఉన్నప్పుడు అక్కడ నొక్కుడు మిగిలిపోతుంది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మైనస్ 154 నుంచి బయల్దేరి సరిగ్గా 260 కి చేరి ఆగుతుంది, రెండోసారి యీల్డ్ అవ్వదు, మూడోసారీ అవ్వదు. మొదటిసారి సాగడమే మెటల్‌ని ఆ పనికి సర్దేసింది. దీన్నే షేక్‌డౌన్ అంటారు, నాకైతే మొత్తం ఇంజినీరింగ్‌లో ఇంత అందమైన ఆలోచన ఇంకోటి లేదనిపిస్తుంది. ఇది పనిచేసేది రేంజ్, అంటే స్ట్రెస్ ఎక్కి దిగే మొత్తం తేడా, యీల్డ్‌కి రెండింతల లోపు ఉన్నంతవరకే, అంటే ఇక్కడ 520 లోపు. అది దాటితే ప్రతి స్టార్టుకీ, ప్రతి షట్‌డౌన్‌కీ మెటల్ అటూ ఇటూ యీల్డ్ అవుతూనే ఉంటుంది, ఇనప తీగని మాటిమాటికీ వంచితే విరిగినట్టు కొన్నాళ్ళకి పగులు వస్తుంది. వేడిలో యీల్డ్ తగ్గుతుంది కాబట్టి ఈ అంకెలు కూడా తగ్గించుకుని చూడాలి.

మధ్యలో ఇంకో లిమిట్ ఉంది, 1.5 రెట్లు, మన స్టీల్‌కి 207. ఇది లోకల్ మెంబ్రేన్ స్ట్రెస్‌కి, అంటే గోడ మందమంతా ఒకేలా లాగబడే స్ట్రెస్, కాకపోతే నాజిల్ చుట్టూ చిన్న జాగాలోనే. ఆ చిన్న జాగా కొంచెం యీల్డ్ అయినా పక్కనున్న గోడ భారం పంచుకుంటుంది, అందుకే ఈ సడలింపు. ఎంత దూరం వరకు లోకల్ అనొచ్చో కూడా కోడ్ కొలత ఇచ్చింది, వ్యాసార్థాన్ని మందంతో గుణించి వర్గమూలం తీయాలి. 1000 మిల్లీమీటర్ల వ్యాసార్థం, 16 మిల్లీమీటర్ల మందం అయితే సుమారు 126 మిల్లీమీటర్లు, జానెడు కూడా లేదు. అంతకు మించి పాకితే ఇక అది లోకల్ కాదు.

ఈ 207 లో లోపలి ప్రెషర్ ముందే తన వాటా తీసేసుకుంటుంది, చాలామంది జారేది ఇక్కడే. గోడ మందం సాధారణంగా ప్రెషర్‌కే 138 దగ్గరికి వచ్చేలా పెడతాం, పైగా రంధ్రం పెట్టిన చోట అది ఇంకా పెరుగుతుంది. కాబట్టి పైపు లోడ్లకి మిగిలేది ఆ పైన ఉన్న కాస్త. 1965 లో వచ్చిన డబ్ల్యూఆర్‌సీ (వెల్డింగ్ రీసెర్చ్ కౌన్సిల్) బులెటిన్ 107, బైలార్డ్ అనే పరిశోధకుడు చేసిన షెల్ (వెసెల్ గోడ) లెక్కల్ని చార్టుల్లో పెట్టి చేతికిచ్చింది, నాజిల్ చుట్టూ నాలుగు చోట్ల, గోడ బయటా లోపలా కలిపి ఎనిమిది పాయింట్లలో స్ట్రెస్ వస్తుంది. కానీ అది పైపు లోడ్ల స్ట్రెస్ మాత్రమే ఇస్తుంది, ప్రెషర్ స్ట్రెస్ మనమే కలుపుకోవాలి. నాజిల్ గొట్టంలో స్ట్రెస్ కూడా అందులో రాదు, దానికి 1984 నాటి బులెటిన్ 297 చూడాలి. నాజిల్ చుట్టూ బలానికి ప్యాడ్, అంటే అదనపు ప్లేట్, వేస్తే దాని అంచు దగ్గర గోడ మళ్ళీ పల్చబడుతుంది కదా, అక్కడ ఇంకోసారి చెక్ చెయ్యాలి.

ప్రైమరీ లోడ్‌ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 1974 జూన్ 1 న ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరో కెమికల్ ప్లాంట్‌లో తెలిసింది. వరసగా ఉన్న ఆరు రియాక్టర్లలో ఐదోదానికి పగులొస్తే దాన్ని తీసేసి, నాలుగుకీ ఆరుకీ మధ్య 20 అంగుళాల తాత్కాలిక పైపు పెట్టారు, రెండు కొసల్లోనూ ముడతల బెలోస్. మామూలు పైపైతే లోపలి ప్రెషర్ కొసల్ని తోసే బలాన్ని పైపు గోడే పట్టుకుంటుంది, బెలోస్ పట్టుకోవు. రియాక్టర్ల 28 అంగుళాల నోరు మీద సుమారు 8.8 బార్ అంటే దాదాపు 35 టన్నుల తోపు, పైగా రియాక్టర్లు ఎత్తుపల్లాల్లో ఉండటంతో పైపుని వంకరగా కట్టారు, రెండు కొసల తోపూ ఒకే గీత మీద లేక పైపుని వంచేసింది. ఆ పైపు కింద ఉన్నది స్కాఫోల్డింగ్ మాత్రమే. పైపు ఊడింది, సైక్లోహెక్సేన్ అనే మండే ద్రవం వేడిగా బయటికొచ్చి మబ్బులా కమ్మి పేలింది, 28 మంది చనిపోయారు. ఎంత సాగినా తగ్గని బలం అంటే ఇదే.

అలాగని వేడి వల్ల వచ్చే లోడ్లన్నీ సెకండరీయేలే అని వదిలేయడానికీ లేదు. కార్బన్ స్టీల్ పైపు 10 మీటర్లుంటే, 200 డిగ్రీలు వేడెక్కితే 24 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పొడుగాటి పైపు పెద్ద స్ప్రింగ్ లాంటిది, నాజిల్ దగ్గర గోడ ఒక మిల్లీమీటర్ లొంగితే ఆ స్ప్రింగ్ కొంచెమే సడలుతుంది, ఇంకా తోస్తూనే ఉంటుంది, అంటే గోడ దృష్టిలో అది వేలాడే బరువుతో దాదాపు సమానం. ఎలాస్టిక్ ఫాలో-అప్ అంటారు దీన్ని. అందుకే డివిజన్ 2, నాజిల్ గొట్టంలో రీఇన్‌ఫోర్స్‌మెంట్ హద్దు (రంధ్రానికి బలంగా లెక్కలోకి తీసుకునే మేర) లోపల, పైపు వ్యాకోచం వల్ల వచ్చే మెంబ్రేన్ స్ట్రెస్‌ని కూడా ప్రైమరీ లెక్కలోనే వేస్తుంది. చాలా డిజైన్ ఆఫీసులు షెల్‌కీ అదే జాగ్రత్త తీసుకుంటాయి, నేనూ అదే సరైనదంటాను, కొంచెం మందం ఎక్కువైనా సరే.

ఇంత చూశాక పైపింగ్ వాళ్ళ దగ్గర్నుంచి మూడు బలాలు, మూడు మొమెంట్లు (వంచే, మెలితిప్పే లోడ్లు) అని ఒకే వరసలో కలిపేసిన ఆరు అంకెలు వస్తే వాటితో ఏం చెయ్యగలం చెప్పండి. అందులో బరువు ఎంత, వేడి ఎంత, గాలీ భూకంపం ఎంత అన్నది విడివిడిగా రాయించుకోవాలి, లేకపోతే 207 తో పోల్చాలో 414 తో పోల్చాలో తేలదు, అప్పుడు మొత్తం ప్రైమరీ అనుకుని 207 కే కట్టుబడటం తప్ప వేరే దారి ఉండదు.