ఆకలి తర్వాతి చక్కెర

అనోరెక్సియాతో, అంటే లావైపోతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బుతో, నెలల తరబడి కడుపు మాడ్చుకుని, చివరికి వైద్యుల దగ్గరికి చేరి మళ్లీ తినడం మొదలుపెట్టినవారు తరచుగా ఒక మాట అంటారు: "తినకపోతే బాగానే ఉండేది, తింటేనే ఒళ్లు వణుకుతోంది." ఇది అబద్ధం కాదు. పొద్దున ఇడ్లీ తిన్న గంటన్నరకో రెండు గంటలకో చేతులు వణుకుతాయి, నుదుట చల్లటి చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది. కొందరికి అర్ధరాత్రి బట్టలు తడిసేంత చెమటతో మెలకువ వస్తుంది. ఇంట్లో తాతగారి గ్లూకోమీటరు ఉంటే దానితో వేలు గుచ్చి చూస్తారు. ఒకసారి 58 చూపిస్తుంది. మర్నాడు అన్నం తిన్న గంటకు 190 చూపిస్తుంది. ఈ వయసులోనే షుగరా అని ఇల్లంతా కంగారు పడుతుంది. ఆ వెంటనే అన్నం తగ్గించమని, తీపి మానమని సలహాలు మొదలవుతాయి. రోగికి లోపలి నుంచి అనోరెక్సియా చెప్పే మాట కూడా సరిగ్గా అదే.

ఆ 58కీ ఈ 190కీ మూలం చాలాసార్లు ఒక్కటే. శరీరం ఆకలికి అలవాటుపడింది, తిండికి మళ్లీ అలవాటుపడటానికి దానికి కొంత వ్యవధి కావాలి.

మామూలుగా మన కాలేయంలో సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్, అంటే దాచిపెట్టుకున్న చక్కెర, నిల్వ ఉంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్ దీన్ని 1857లో కాలేయం నుంచి వేరుచేసి చూపించాడు. రాత్రి భోజనానికీ పొద్దుటి టిఫినుకూ మధ్య రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది ప్రధానంగా ఇదే. ఒకటి రెండు రోజులు తిండి లేకపోతే ఈ గాదె దాదాపు అడుగంటుతుంది. అప్పుడు కాలేయం, దానికి తోడుగా మూత్రపిండాలు, కండరాల్లోని ప్రొటీన్లను, కొవ్వులోని గ్లిసరాల్‌ను చక్కెరగా మార్చడం మొదలుపెడతాయి. అంటే ఒంట్లోని కండ కరిగి చక్కెర అవుతుంది. ఇది ఎంతోకాలం సాగదు, ఎందుకంటే మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు ఖర్చు చేస్తుంది.

అందుకే శరీరం మరో దారి పడుతుంది. 1967లో బోస్టన్‌లో జార్జ్ కాహిల్ బృందం అయిదారు వారాలు ఉపవాసం ఉన్న ముగ్గురు స్థూలకాయుల మెదడుకు చేరే రక్తాన్నీ, మెదడు నుంచి తిరిగి వచ్చే రక్తాన్నీ పోల్చి చూసింది. గ్లూకోజు లేకుండా మెదడు బతకలేదని అప్పటిదాకా అనుకునేవారు. తీరా చూస్తే ఆ ముగ్గురి మెదళ్లకు కావలసిన శక్తిలో అధిక భాగం కొవ్వు నుంచి పుట్టిన కీటోన్లే అందిస్తున్నాయి. "తినకపోతే బాగానే ఉండేది" అనే మాటకు వివరణ చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. చక్కెర తగ్గినా కీటోన్లు ఆదుకుంటుంటే వణుకూ చెమటా సరిగా తెలియవు. తెలియనంత మాత్రాన ప్రమాదం లేనట్టు కాదు. తీవ్రమైన అనోరెక్సియాలో నిల్వలన్నీ అయిపోయి, చక్కెర ఉన్నట్టుండి పడిపోయి ప్రాణాలు పోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. మళ్లీ పిండిపదార్థాలు తినడం మొదలుపెట్టగానే కీటోన్లు తగ్గుముఖం పడతాయి, మెదడు తిరిగి గ్లూకోజు మీదికి వస్తుంది. చక్కెర పడిపోయినప్పుడు ఆ ఇబ్బంది తెలియడం అప్పుడు మొదలవుతుంది.

మరి ఆ 190 మాట? ఇన్నాళ్లూ పని తగ్గిన క్లోమం భోజనం రాగానే ఇన్సులిన్‌ను ఆలస్యంగా వదులుతుంది. కండరాలేమో కొవ్వునే మండించుకుంటూ ఉంటాయి. కొవ్వు మండుతున్న కణం గ్లూకోజును వాడుకోవడం తగ్గిస్తుందని 1963లో ఫిలిప్ రాండిల్, సహచరులు ప్రతిపాదించారు. దీనికి తోడు, అనోరెక్సియాలో కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ తరచుగా ఎక్కువగా ఉంటాయి. అవి రెండూ ఇన్సులిన్‌కు ఎదురు పనిచేసేవే. ఇన్ని కారణాలు కలిసి తిన్న చక్కెరను కాసేపు రక్తంలోనే నిలబెడతాయి. ఆలస్యంగా వచ్చిన ఇన్సులిన్ ఆ తర్వాత కూడా పనిచేస్తూనే ఉంటుంది, చక్కెర కిందికి దిగిపోతుంది. మామూలు మనిషికైతే ఈ దశలో కాలేయం తన నిల్వలోంచి కొంత వదిలి సర్దేస్తుంది. ఇక్కడ వదలడానికి ఏమీ లేదు. అందుకే ఒకే భోజనం తర్వాత ముందు ఎక్కువ, తర్వాత తక్కువ.

ఆకలి వల్ల మధుమేహంలాంటి స్థితి వస్తుందన్నది కొత్త సంగతేమీ కాదు. ఆకలితో ఉంచిన కుక్కలకు పిండిపదార్థాలు పెట్టగానే మూత్రంలో చక్కెర కనిపించడాన్ని ఫ్రాంజ్ హోఫ్‌మైస్టర్ 1890లో వర్ణించాడు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీసే పరీక్ష ఉంది కదా, దానికి ముందు మూడు రోజులపాటు రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థాలు తినాలన్న నియమం అందుకే వచ్చింది. మన ల్యాబుల్లో రాత్రి నుంచి ఏమీ తినకుండా రమ్మని చెప్పేవారే ఎక్కువ, ముందు మూడు రోజులు కడుపునిండా తిన్నారా అని అడిగేవారు తక్కువ. అరకొరగా తింటున్న మనిషికి ఈ పరీక్ష చేసి మధుమేహమని తేల్చేయడం తొందరపాటు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీని కూడా ఇక్కడ కళ్లు మూసుకుని నమ్మలేం. పోషకాహార లోపంతో రక్తహీనత ఉంటే ఆ అంకె అసలు సంగతి చెప్పకపోవచ్చు.

తినడం మొదలైన తొలి రోజులు వేరే రకంగా ప్రమాదకరం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక శిబిరాల నుంచి బయటపడిన ఖైదీల్లో కొందరు ఆకలికి తట్టుకుని బతికి, తిండి దొరికాక చనిపోయారు. ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగినప్పుడు గ్లూకోజుతో పాటు ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కూడా కణాల్లోకి వెళ్లిపోతాయి. రక్తంలో అవి పడిపోతే గుండె లయ తప్పుతుంది. బాగా చిక్కిపోయినవారికి తిండి మొదలుపెట్టడం ఆసుపత్రిలో, ముందుగా థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, రక్తపరీక్షలు చేస్తూ జరగాలనడం అందుకే. ఎవరైనా ఇంట్లో అలా చిక్కిపోతుంటే "పెళ్లి భోజనం పెడితే అదే కోలుకుంటుంది" అనే ధోరణి వద్దు. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ గండం దాటాక చక్కెర ఊగిసలాటకు మందు మళ్లీ తిండే, కాకపోతే వేళ తప్పకూడదు. మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, పడుకోబోయే ముందు కొంచెం ఏదైనా. ఒట్టి పళ్లరసమో, పంచదార కలిపిన టీయో తాగి ఊరుకుంటే చక్కెర గబుక్కున లేచి గబుక్కున పడుతుంది. ఇడ్లీతో పాటు సాంబారు, వేరుశనగ చట్నీ, పైన కాస్త నెయ్యి ఉంటే నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. వణుకు వచ్చినప్పుడు ముందు మూడు నాలుగు చెంచాల గ్లూకోజు ఇవ్వాల్సిందే, ఆ వెంటనే పెరుగన్నం లాంటిది తినిపించాలి. స్పృహ తప్పుతున్నవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, అంబులెన్సు పిలవాలి. బరువు, నిల్వలు తిరిగి కుదుటపడేకొద్దీ ఈ ఊగిసలాట చాలామందిలో దానంతటదే తగ్గుతుంది.

నా అభిప్రాయం అడిగితే, వైద్యులు చెప్పనంతవరకూ గ్లూకోమీటరు ఆ గదిలో ఉండకపోవడమే మేలు. ఇక చేతికి అతికించుకుని గంటగంటకూ ఫోనులో చక్కెర గీత చూసుకునే పరికరాల సంగతి చెప్పనక్కర్లేదు. కేలరీలు లెక్కపెట్టే అలవాటు నుంచి బయటపడుతున్న మనిషికి ఇంకో అంకెను అప్పగించడమే అది.

టైప్ 1 మధుమేహం, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం, ఉన్నవారి విషయం పూర్తిగా వేరు. బరువు తగ్గడం కోసం ఇన్సులిన్ మానేసేవారు ఉన్నారు. వారికి అది రోజుల్లోనే ప్రాణాంతకమైన కీటోఅసిడోసిస్ (కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లంగా మారడం) తెచ్చిపెట్టగలదు. తిరిగి ఇన్సులిన్ మొదలుపెట్టాక హెచ్‌బీఏ1సీని మరీ వేగంగా దించితే నరాల్లో తీవ్రమైన నొప్పి రావచ్చు, కంటి రెటీనా పరిస్థితి కొంతకాలం దిగజారవచ్చు. కాబట్టి మధుమేహ నిపుణులు, మానసిక వైద్యులు ఇద్దరూ కలిసి నెమ్మదిగా నడిపించాల్సిన వ్యవహారం ఇది.

అలాగని ప్రతి 190నీ ఆకలి ఖాతాలో వేసి మరిచిపోకూడదు. మధుమేహం మన కుటుంబాల్లో ఎంత మామూలో తెలిసిందే, అనోరెక్సియా వచ్చినవారికి అది రాదన్న హామీ ఏమీ లేదు. వేళకు తింటూ కొన్ని నెలలు గడిచి, బరువు నిలకడగా ఉన్నా కూడా పరగడుపున 126 గానీ అంతకు మించి గానీ వస్తుంటే, అప్పుడు ల్యాబులో మళ్లీ పరీక్ష చేయించాలి.