చంటిపిల్లల మోషన్స్, మందులకి లొంగని బ్యాక్టీరియా: ల్యాబ్‌లోంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను మైక్రోబయాలజిస్ట్‌ని. పిల్లల్ని చూసే డాక్టర్ని కాదు, పిల్లల డైపర్‌లోంచి వచ్చినదాన్ని చూసే డాక్టర్ని, అందుకే ఎవరైనా భోజనాల దగ్గర నీ పనేంటని అడిగితే తిన్నాక చెప్తా అంటా. ఏళ్ళతరబడి తల్లిదండ్రుల దగ్గర, నిజం చెప్పాలంటే కొందరు జూనియర్ డాక్టర్ల దగ్గర కూడా, మళ్ళీ మళ్ళీ వింటున్న మాటలు కొన్ని ఉన్నాయి, అవే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: మోషన్స్ మొదలైతే వెంటనే యాంటీబయాటిక్ సిరప్ వెయ్యాలి, లేకపోతే ముదిరిపోతుంది.

చంటిపిల్లల నీళ్ళ విరేచనాల్లో చాలా భాగం వైరస్‌ల వల్లే వస్తాయి, రోటా, నోరో, ఆడినో లాంటివి. వాటి మీద యాంటీబయాటిక్‌కి అసలు పనే లేదు. బ్యాక్టీరియా వల్ల వచ్చినా ఎక్కువసార్లు దానంతటదే తగ్గిపోతుంది. "మా బాబుకి సిరప్ వేసిన మూడోరోజుకి కట్టేసింది మేడమ్" అంటారు, వెయ్యకపోయినా మూడోరోజుకో ఐదోరోజుకో తగ్గేదే, కానీ పేరు మాత్రం సిరప్ కొట్టేస్తుంది.

నా మాట నమ్మక్కర్లేదు. ఏబీసీడీ ట్రయల్ అని ఒకటి 7 దేశాల్లో చేశారు, 2 నుంచి 23 నెలల లోపు పిల్లలు 8 వేల మందికి పైనే, అది కూడా తేలిక కేసులు కాదు, నీళ్ళ విరేచనాలతో పాటు డీహైడ్రేషనో పోషకాహార లోపమో ఉన్నవాళ్ళు. అందరికీ ఓఆర్‌ఎస్, జింక్ ఇచ్చారు, దానికి తోడు సగం మందికి 3 రోజులు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి సిరప్. 2021లో రిజల్ట్స్ వచ్చాయి. 180 రోజులు చూసినా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అలాగని యాంటీబయాటిక్ ఎప్పుడూ వద్దు అనట్లేదు, ఇక్కడే చాలామంది అటో ఇటో ఒరిగిపోతారు. విరేచనంలో రక్తం, జిగురు పడుతుంటే (షిగెల్లా అనే బ్యాక్టీరియా అనుమానం అన్నమాట), కలరా అయితే, బిడ్డ బాగా చిక్కిపోయి ఉంటే, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే, రోజుల పసికందు అయితే మందు ప్రాణం నిలబెడుతుంది. ఆ కొద్దిమందికి పనికి రావాల్సిన మందుని మనం అవసరం లేని వందమందికి పోసి మొద్దుబారేలా చేస్తున్నాం, నా గోలంతా అదే.

అపోహ: పాప ఒళ్ళు మందుకి అలవాటు పడిపోయింది, అందుకే పనిచెయ్యట్లేదు.

అలవాటు పడింది ఒళ్ళు కాదండీ, పురుగు (బ్యాక్టీరియాని మేం ముద్దుగా అలా అంటాం). మా దగ్గర దీన్ని కళ్ళతో చూడొచ్చు. ప్లేట్ మీద బ్యాక్టీరియాని పలచగా అలికినట్టు రాసి, దాని మీద మందు పట్టించిన చిన్న చిన్న కాగితపు బిళ్ళలు పెట్టి రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. పొద్దున తీస్తే మందు పనిచేసిన చోట బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ ఉంటుంది, దాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తాం. లొంగని పురుగైతే బిళ్ళ అంచుని ఆనుకుని మరీ మొలుస్తుంది, అక్కడ మందు ఉందన్న సంగతే దానికి పట్టనట్టు. ఆ ప్లేట్ మీద పాప లేదు కదా, ఉన్నది పురుగూ మందూ మాత్రమే.

మరి పురుగుకి ఈ విద్య ఎక్కడ్నుంచి వచ్చింది? కొన్నిసార్లు సొంత జన్యువులో మార్పు వల్ల. కానీ పేగుల్లో ఉండే బ్యాక్టీరియాలో ఎక్కువ నష్టం చేసేది ప్లాస్మిడ్, అంటే బ్యాక్టీరియా లోపల విడిగా తిరిగే చిన్న డీఎన్‌ఏ చుట్ట, దాన్ని పక్కనున్న బ్యాక్టీరియాకి కాపీ తీసి అందించేస్తుంది, ఆ పక్కది వేరే జాతిదైనా సరే. 1950ల్లో జపాన్‌లో జిగట విరేచనాల రోగుల్లో ఒక వింత కనపడింది, సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ నాలుగింటికీ ఒకేసారి లొంగని షిగెల్లా. ఒక్కో మందుకి విడివిడిగా మార్పు రావాలంటే నాలుగూ ఒకేసారి ఎలా కుదురుతుంది? 1959లో అక్కడి శాస్త్రవేత్తలు లొంగని ఈ.కోలినీ మామూలు షిగెల్లానీ కలిపి పెంచి చూస్తే నాలుగు రెసిస్టెన్సులూ (మందుకి లొంగని గుణాలు) మూటగట్టినట్టు ఒకేసారి దాటిపోయాయి. అంటే ఏ హానీ చెయ్యకుండా పేగులో ఊరికే కూర్చున్న ఈ.కోలి కూడా ఒక గోడౌనే, రేపు దారినపోయే షిగెల్లాకి సరుకు ఇస్తుంది.

పదేళ్ళు తిరిగేసరికి, 1969లో, గ్వాటెమాలలో మొదలుపెట్టి మధ్య అమెరికా దేశాల్లో షిగెల్లా డిసెంటెరియే విజృంభించింది, అదీ ఆ నాలుగు మందులకే లొంగనిది. వేల మంది పోయారు, పిల్లలే ఎక్కువ. మొదట్లో అమీబా అనుకుని అమీబా మందులు వాడటంతో ఇంకా ఆలస్యమైంది. ఇప్పటి సంగతికొస్తే, డబ్ల్యూహెచ్‌ఓ 2017లో వేసిన ప్రమాదకర బ్యాక్టీరియా లిస్టులో సిప్రోఫ్లాక్సాసిన్ తరహా మందులకి లొంగని షిగెల్లా మధ్యస్థం అన్న గుంపులో ఉండేది, 2024 లిస్టులో ఒక మెట్టు పైకి ఎక్కింది.

అపోహ: మా పాప పుట్టాక ఒక్క యాంటీబయాటిక్ కూడా వాడలేదు, మాకు ఈ సమస్య రాదు.

వాడకపోవడం మంచిదే, కానీ పురుగు మీ ఇంట్లోనే తయారవ్వాలని రూలేం లేదు. బిడ్డ పేగు పుట్టేటప్పటికి దాదాపు ఖాళీ స్థలం, తల్లి నుంచి, ఎత్తుకున్నవాళ్ళ చేతుల నుంచి, పాలసీసా నుంచి, ప్రసూతి వార్డు నుంచి ఎవరు ముందొస్తే వాళ్ళు పాక వేసుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల పేగుల్లో కూడా పెద్ద మందులకి లొంగని ఈ.కోలి కనిపిస్తుంటుంది. అది ఊరికే ఉంటుంది. అప్పుడు ఏ జలుబుకో యాంటీబయాటిక్ పడిందనుకోండి, మంచివి చచ్చిపోయి స్థలం ఖాళీ అవుతుంది, లొంగనిది మొత్తం ఆక్రమించేస్తుంది.

ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బ్రో ప్రాంతంలో 1967లో ఇలాగే పిల్లల వార్డుల్లో బోలెడు యాంటీబయాటిక్స్‌కి లొంగని ఈ.కోలి పాకి చంటిపిల్లలు చనిపోయారు. ఆ రోజుల్లోనే పశువుల్లో యాంటీబయాటిక్స్ వాడకం మీద కూడా గొడవ జరుగుతోంది, 1969లో స్వాన్ కమిటీ రిపోర్టు వచ్చింది, మనుషుల వైద్యానికి వాడే మందుల్ని పశువులు తొందరగా పెరగడానికి దాణాలో కలపొద్దని.

షిగెల్లా అయితే 10 నుంచి 100 కణాలు నోట్లోకి పోతే చాలు జబ్బు చెయ్యడానికి. డైపర్ మార్చిన చేత్తో పాలసీసా ముట్టుకుంటే అంతకంటే ఎక్కువే వెళ్తాయి. సబ్బుతో చేతులు కడుక్కోండి అంటే ఇంత చదివి ఇదా చెప్పేది అన్నట్టు చూస్తారు! చెప్పేది ఇదే. ప్లస్ మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే, ప్లస్ రోటావైరస్ టీకా. టీకా వైరస్‌కి కదా రెసిస్టెన్స్‌కేం సంబంధం అంటే, మోషన్సే రాకపోతే అనవసరపు సిరప్ కూడా ఉండదు.

అపోహ: మోషన్ టెస్టులో ఈ.కోలి వచ్చింది, అదే కారణం.

ఈ.కోలి లేని పేగు నాకు చూపించండి. మామూలు కల్చర్‌లో (అంటే ప్లేట్ మీద పెంచి చూసే టెస్టులో) మంచి ఈ.కోలి, జబ్బు చేసే ఈ.కోలి రెండూ ఒకేలా గులాబీ రంగులో మొలుస్తాయి, తేడా తెలియాలంటే జన్యువుల్ని వెతికే పీసీఆర్ లాంటి టెస్టు కావాలి. చంటిపిల్లల్లో పేరుమోసిన ఈపెక్ రకం ఉంది, పేగు గోడకి అతుక్కుని అక్కడి నూగుని చెరిపేస్తుంది, 1945లో లండన్‌లో జాన్ బ్రే అనే డాక్టర్ చంటిపిల్లల విరేచనాలకీ ఈ.కోలికీ సంబంధం ఉందని చూపించింది ఈ బాపతుదే. అన్నట్టు ఏడాది లోపు పిల్లల్లో సీ.డిఫిసిల్ అనే ఇంకో బ్యాక్టీరియాకి టెస్ట్ చేయించి పాజిటివ్ అని కంగారుపడేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ వయసులో అది జబ్బేమీ చెయ్యకుండా ఉండటం చాలా మామూలు.

అపోహ: రిపోర్టులో అన్ని మందుల దగ్గరా ఆర్ (రెసిస్టెంట్) వస్తే ఇంక దారి లేదు.

ఒకరోజు వార్డు నుంచి ఫోన్, కొత్తగా చేరిన అబ్బాయి, గొంతులో వణుకు. ఏడు నెలల బాబు, మోషన్ టెస్టులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది, ఆ పొద్దున్నే నేను చూసిన ప్లేటే, ఎర్రటి దాని మీద నల్ల చుక్కలు పెట్టినట్టు కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపులు.

"మేడమ్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్, సిప్రో, సెఫ్ట్రియాక్సోన్ అన్నీ ఆర్ అని ఉంది, ఏం స్టార్ట్ చెయ్యమంటారు?"

"బాబు ఎలా ఉన్నాడు?"

"బానే ఉన్నాడు మేడమ్, నిన్నటి నుంచి జ్వరం లేదు, పాలు తాగుతున్నాడు, పొద్దున్నించి ఒకే మోషన్."

"మరింకేం స్టార్ట్ చేస్తావ్ నాన్నా?"

కాసేపు మాట లేదు. రిపోర్ట్ వచ్చేది రెండో రోజో మూడో రోజో, ఈలోగా బిడ్డ తన పని తాను చూసుకున్నాడు. మూడు నెలలు దాటి, గట్టిగా ఉన్న పిల్లల్లో మామూలు సాల్మొనెల్లా విరేచనాలకి యాంటీబయాటిక్ ఇస్తే ఉపయోగం లేకపోగా పురుగు విరేచనంలో ఇంకా ఎక్కువ రోజులు కనిపిస్తుంది. ఆర్ అంటే ఆ మందు ఆ పురుగు మీద పనిచెయ్యదని, అంతే. జబ్బు పెద్దదని కాదు. అదే ఆ బాబు 20 రోజుల పసికందై, బ్లడ్ కల్చర్‌లో ఇదే పురుగు వచ్చి ఉంటే ఆ ఫోన్‌కి నా చేతులూ వణికేవి.

ఇంకో రెండు మాటలు గబగబా. మోషన్స్ ఆపే లోపెరమైడ్ రెండేళ్ళ లోపు పిల్లలకి అస్సలు వద్దు, పేగు కదలిక ఆగిపోయి లోపలే నిలవైపోతుంది. పోయినసారి మిగిలిన సిరప్ ఈసారి వెయ్యడం కూడా వద్దు, రక్త విరేచనం చేసే ఈ.కోలిలో ఒక రకానికి యాంటీబయాటిక్ పడితే కిడ్నీలు దెబ్బతినే రిస్క్ పెరుగుతుంది.

అపోహ: ఓఆర్‌ఎస్ ఉత్త చక్కెర నీళ్ళు, లొంగని పురుగుకి అదేం చేస్తుంది.

పురుగుని ఏమీ చెయ్యదు, చెయ్యక్కర్లేదు కూడా. విరేచనాల్లో బిడ్డ ప్రాణం తీసేది ఎక్కువగా నీళ్ళు, ఉప్పు పోవడమే. పేగు గోడలో గ్లూకోజ్‌నీ సోడియంనీ జతగా లోపలికి లాక్కునే ద్వారం ఒకటి ఉంది, మోషన్స్ జోరుగా ఉన్నప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంటుంది, వాటి వెనకే నీళ్ళూ వెళ్తాయి. ఏ ప్లాస్మిడ్డూ దీనికి రెసిస్టెన్స్ తేలేదు. 2002 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ చెప్తున్న ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఈ లెక్క తప్పితే పని చెడుతుంది, అందుకే లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసులో కొంచెం పొడి చల్లి తిప్పడం కాదు. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి, వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలెట్టండి, తల్లిపాలు ఆపొద్దు. జింక్ 6 నెలల లోపు రోజుకి 10 మిల్లీగ్రాములు, దాటితే 20, 10 నుంచి 14 రోజులు, మోషన్స్ ఆగినా సరే.

రక్తం పడినా, కళ్ళు లోపలికి పోయినా, ఆరు గంటలు దాటినా డైపర్ తడవకపోయినా, తాగలేకపోయినా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా హాస్పిటల్‌కి పరిగెత్తండి. కల్చర్ రిపోర్ట్ వచ్చాక చూద్దాంలే అని మాత్రం కూర్చోకండి, మా పురుగులు మొలవడానికి వాటి టైమ్ అవి తీసుకుంటాయి.